ఎర్త్ వైర్ సైజు: టేబులా, ఫార్ములానా?

"అన్నా, ఎర్త్ వైర్ సైజు అడిగితే టేబుల్ చూసి రాయాల్నా, లెక్క చెయ్యాల్నా?" వరంగల్‌లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పరీక్షకు చదివే పిల్లలు ఎప్పుడు కలిసినా ఇదే అడుగుతరు. రెండూ ఎర్తింగ్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 3043లో ఉన్న పద్ధతులే, దేన్నీ తప్పు అనలేం. నన్నడిగితే మాత్రం ఫార్ములాకే ఓటు.

టేబుల్ మీకు తెలిసిందే. ఫేజ్ వైరు 16 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) దాకా ఎర్త్ కూడా అంతే. 16 దాటి 35 దాకా అయితే 16, ఆ పైన సగం. ప్రశ్నలో ఫేజ్ సైజు తప్ప ఇంకేం ఇవ్వలేదంటే టేబులే దిక్కు, మారుమాట లేకుండా అదే రాయండి. "ఫేజ్‌ల సగం ఎయ్యి" అని సైట్ మీద వినపడే మాటను మాత్రం హాలు బయటే వదిలిపెట్టండి. 10 స్క్వేర్ ఫేజ్‌కు 5 అని రాస్తే మార్కు పోయినట్టే, అక్కడ ఎర్త్ కూడా 10 ఉండాలె.

టేబుల్‌కు ఒక షరతు ఉంది. ఫేజ్, ఎర్త్ రెండూ ఒకే లోహమైతేనే ఆ అంకెలు నేరుగా చెల్లుతాయి. పరకాల, నర్సంపేట దిక్కు ఏ జిన్నింగ్ మిల్లుకో, బోరు మోటారు కాడికో పోయి చూడండి. స్టార్టర్ దాకా వచ్చేది రాగి కేబులో, అల్యూమినియం కేబులో. బాడీ నుంచి ఎర్త్ గుంతకు దిగేది జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ, లేదంటే 8 గేజీ జీఐ వైరు. అంటే మన పనిలో సగం చోట్ల టేబుల్‌ను ఉన్నదున్నట్టు వాడలేం.

ఫార్ములాలో ఆ తేడా అంతా 'కె' అనే ఒక్క అంకెలో ఉంటుంది, లోహాన్ని, వైరు వేసిన తీరును బట్టి అది మారుతుంది. ఫాల్ట్ కరెంటును (ఫేజ్ బాడీకి తగిలితే ఎర్త్‌లోకి పారే కరెంటు), బ్రేకర్ ఎన్ని సెకన్లలో కొడుతుందో (ట్రిప్ అవుతుందో) ఆ సంఖ్య వర్గమూలంతో గుణించి, కెతో భాగించాలె. 3000 ఆంపియర్ల ఫాల్ట్, 0.4 సెకన్లలో ట్రిప్ అనుకుందాం. కెతో భాగించకముందు వచ్చేది సుమారు 1897. ఎర్త్ విడిగా లాగిన పీవీసీ రాగి వైరు అయితే కె 143. భాగిస్తే 13.3, అంటే దానికి పైన దొరికే సైజు 16 స్క్వేర్ వేస్తాం. అదే రాగి కేబుల్ లోపల ఒక కోర్‌గా ఉంటే పక్కన ఫేజులు ముందే వేడెక్కి ఉంటాయి కాబట్టి కె 115కు పడిపోతుంది. భాగిస్తే 16.5, ఇక 16 చాలదు, 25 రాయాలె. అర స్క్వేరే కదా అని కిందికి దించితే జవాబు తప్పు. మంట భయం లేని చోట ఒట్టి జీఐ పట్టీ అయితే కె 80, వచ్చేది 23.7. మన 8 గేజీ వైరు మందం చూస్తే 13 స్క్వేరే, కావలసినదాంట్లో సగం కన్నా కొంచెమే ఎక్కువ, చాలదు. 25×3 పట్టీ అయితే 75 స్క్వేర్, నిశ్చింత.

ఇదే ప్రశ్నలో ఫేజ్ 35 స్క్వేర్ అని కూడా ఇచ్చి ఉంటే టేబుల్ మూడింటికీ 16 అనే చెప్పేది. లోహం వేరైతే కెల నిష్పత్తితో సవరించుకోవచ్చు, నిజమే. సవరించడానికీ కెలు తెలియాల్సిందే, ఆ కష్టమేదో ఫార్ములాకే పడొచ్చు కదా! కాబట్టి కరెంటు, సెకన్లు రెండూ ఇచ్చిన ప్రశ్నలో లెక్కే చెయ్యండి, ఆ అంకెలు ఊరికే ఇవ్వరు. సమయం 5 సెకన్లు దాటితే ఈ ఫార్ములా వాడకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

యూట్యూబ్‌లో కనపడే అమెరికా పద్ధతి గురించి కూడా అడుగుతున్నరు. అక్కడి విద్యుత్ కోడ్ ఎన్ఈసీలో 250.122 టేబుల్ బ్రేకర్ ఆంపియర్లను బట్టి, 250.66 టేబుల్ సర్వీస్ వైరు సైజును బట్టి ఉంటాయి, అదీ ఏడబ్ల్యూజీ అనే అమెరికా గేజీ నంబర్లలో. మన పరీక్షకు వాటి జోలి వద్దు.

ఇంకొకటి: మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఇవ్వాలన్న రూలు ఉంది కదా అని, వచ్చిన సైజును రెండుగా పంచేవాళ్లు ఉన్నరు. ఒకటి తెగితే ఫాల్ట్ మొత్తం రెండోదే మొయ్యాలె. ఏ ఎర్తుకు ఆ ఎర్తు పూర్తి సైజులో ఉండాలె.