ఎంజీబీ సిల్స్‌కి చిన్న మిగ్ వెల్డర్: మూడేళ్ల వాడకం తర్వాత

ఇంటి ప్లగ్‌తో నడిచే 150 ఆంప్స్ మిగ్ మెషీన్ ఇది, అంటే వైరును తానే తోస్తూ, దాన్ని కరిగించి రేకులు అతికే వెల్డర్. ఒక ఎంజీబీ రోడ్‌స్టర్‌కి (పాత బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు) రెండు పక్కల సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే పెట్టె లాంటి భాగాలు), ఫ్లోర్ రేకులు, డాగ్‌లెగ్‌లు (డోర్‌కీ వెనక చక్రానికీ మధ్య కింద ఉండే రేకులు) అన్నీ దీంతోనే అతికాయి. మెషీన్‌కి వంక లేదు. పెట్టెలో వచ్చిన గ్యాస్‌లెస్ వైరు (లోపల ఫ్లక్స్ పొడి నింపిన, గ్యాస్ అక్కర్లేని వైరు) మాత్రం గేట్లకీ గ్రిల్స్‌కీ పనికొస్తుందంతే. 0.9 మి.మీ. ఫ్లక్స్ వైరు వేడికి కారు రేకు ఆగదు. చిల్లు పడుతుంది, పూడ్చబోతే ఇంకా పెద్దదవుతుంది. 0.6 మి.మీ. మామూలు వైరు, 95 శాతం ఆర్గాన్ ఉన్న సిలిండరు పెట్టాకే పని కుదిరింది. గ్యాస్ నిమిషానికి 10 లీటర్లు చాలు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే గాలికి గ్యాస్ చెదిరి వెల్డు అట్టులా చిల్లులు పడుతుంది.

ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు. రోడ్‌స్టర్‌కి పైకప్పూ లేదు. బండి నడుము వంగకుండా ఆపేవి సిల్సే. అందుకే గ్రైండర్ ముట్టుకునే ముందు డోర్ సందులో హింజ్ వైపు నుంచి లాక్ వైపుకి 25 మి.మీ. చదరపు పైపు టాక్ వేయాలి, అంటే చుక్క వెల్డులతో తాత్కాలికంగా అతకాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. కొత్త సిల్‌కి టాకులు వేశాక పైపు తీసి, డోర్ మూసి గ్యాప్ చూసుకోవాలి. తేడా ఉంటే టాకులు కోయడం సులువు, వెల్డు కోయడం నరకం.

పాత సిల్ మీద కొత్త రేకు కప్పేసే పని మాత్రం వద్దు. పైకి నిగనిగలాడుతుంది, లోపల మెంబ్రేనూ (సిల్ మధ్యలో నిలువుగా ఉండే రేకు) కాజిల్ రైలూ (సిల్ అడుగున ఉండే పట్టీ) తుప్పుపట్టి పొడి పొడి అవుతూనే ఉంటాయి. ముందు చక్రం పైనుండే రేకు, అంటే వింగ్, బోల్టులు విప్పితే అసలు సంగతి బయటపడుతుంది: సిల్ కొసన ఏళ్ల తరబడి పేరుకున్న బురద, ఇంగ్లండ్ రోడ్ల మీద చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పుతో సహా. రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రావణం) పైపొర తుప్పుకే. స్క్రూడ్రైవర్ దిగే చోట కోసేయడమే.

ఒక్కో టాక్ సెకను మించకుండా, అయిదారు సెంటీమీటర్లు దూకుతూ వేస్తే రేకు వంకర తిరగదు. వెనక రాగి పట్టీ ఆనిస్తే చిల్లు పడటం బాగా తగ్గుతుంది. ఎంజీబీ బ్యాటరీ సీట్ల వెనక ఉంటుంది. దాని తీగలు ముందే విప్పకపోతే ఆల్టర్నేటర్ పోవచ్చు. వెల్డింగ్ అయ్యాక సిల్ లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా బోలు భాగాల్లో వేసే మైనం) పట్టించాలి, కానీ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకూడదు.

మెషీన్‌లో నాసిరకం ఏదంటే వైరు తోసే ప్లాస్టిక్ రోలర్. తేమకి వైరు తుప్పెక్కితే అది జారి, వైరు లోపలే పిచ్చుక గూడులా చుట్టుకుంటుంది. పని లేనప్పుడు వైరు చుట్ట (స్పూల్) తీసి మూత గట్టి డబ్బాలో పెట్టండి.