బ్లాగా, వికీయా? మన సరిహద్దు ఊళ్ల సంగతులు ఎక్కడ రాస్తే మేలు?

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం తెలుగువాళ్లకి కబుర్లకేం కొదవ లేదు. కాకపోతే అవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పడి, సాయంత్రానికల్లా గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కూరుకుపోతున్నాయి, ఫోన్ మారిస్తే ఒక్కోసారి అవీ ఉండవు. అందుకని వాట్సాప్‌ని పోటీలోంచి తీసేద్దాం. మిగిలినవి రెండే: సొంత బ్లాగు, తెలుగు వికీపీడియా.

నన్నడిగితే ముందు బ్లాగే అంటాను. ఎందుకంటే వికీలో మీకు తెలిసినంత మాత్రాన చాలదు, అది ఎక్కడో నమ్మదగ్గ చోట అచ్చయి ఉండాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, 1931కి గుణుపురం దాకా పాకింది, 2004లో ఆ నారోగేజి బండి ఆగిపోయింది. ఇంతవరకు పుస్తకం చూపించి వికీలో రాయొచ్చు. అదే బండి ఎక్కడ నెమ్మదించేదో, కుర్రాళ్లు ఎక్కడ దిగి మళ్లీ పరిగెత్తి ఎక్కేవాళ్లో, టీసీకి దొరక్కుండా ఎవరు ఏ పెట్టెలో దూరేవాళ్లో మీ తాతగారు చెప్తే, దానికి మూలం ఏదీ అంటారు. తాతగారే మూలం అంటే ఒప్పుకోరు. ఇందులో ఎవరి మీదా కక్షేం లేదు, సొంత జ్ఞాపకాలు అక్కడ చెల్లవు, అంతే. మీ బ్లాగులో మీరే రాసుకున్నది చూపించినా మామూలుగా పనికిరాదు. కానీ నాకైతే ఆ తాతగారి కబుర్లే కావాలి, తేదీలదేముంది, ఎక్కడైనా దొరుకుతాయి.

యాస సంగతి కూడా ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుక భాష కోసం ఆయన పోట్లాడిన ఊరు పర్లాకిమిడి. మరి ఆ ఊరి మాటల్లో రాయాలంటే బ్లాగే దిక్కు. వికీలో "మా రాజుగారి కోట అద్భుతం" అని రాసి చూడండి, "మా", "అద్భుతం" రెండూ ఎగిరిపోతాయి.

అయితే తగాదా ఉన్న విషయానికి మాత్రం నేను వికీ వైపే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి ఊరు, రాజుగారి ఎస్టేటులో కొంత భాగం అటు వెళ్లాయి, మిగతాది మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఈ మాట అరుగు మీద ఎత్తితే ఇప్పటికీ రాత్రి భోజనాల దాకా తేలదు. దీని మీద తెలుగు బ్లాగు చదివితే మనకి అన్యాయం జరిగిందంటారు, ఒడియా బ్లాగు చదివితే ఇంకా రావాల్సింది ఉందంటారు, రెండూ ఒంటిచేతి చప్పట్లే. వికీలో అలా కుదరదు. మీరు ఓ మాట మారిస్తే ఇంకొకరు వచ్చి వెనక్కి తిప్పుతారు, ఇద్దరూ చర్చ పేజీలో తలపడతారు, టెన్షనే అనుకోండి, కానీ ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో "చరిత్ర" నొక్కితే మొత్తం కనిపిస్తుంది. బ్లాగరు రాత్రికి రాత్రి పోస్టు దిద్దేస్తే మనకి తెలిసే దారే ఉండదు.

వికీకి ఇంకో మంచి గుణం, మావైపు వాళ్లకి బాగా పనికొచ్చేది. ఇక్కడి పిల్లలు చాలామంది ఒడియా మీడియమే, తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తడుముకుంటారు. ఒడియా వికీపీడియా 2002లోనే మొదలైంది, తెలుగుది 2003 డిసెంబరులో. ఒకే విషయం మీద రెండు భాషల్లోనూ పేజీలుంటే ఒక్క నొక్కుతో ఇటు నుంచి అటు వెళ్లొచ్చు. రెండు భాషలూ వచ్చిన పంతులుగారు ఒకరుంటే చాలు, ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా తెలుగు పేజీని ఒడియాలోకి తెచ్చేయొచ్చు, పేజీ చరిత్రలో ఎక్కడి నుంచి తెచ్చారో ఓ ముక్క రాస్తే సరి. మీ బ్లాగు అలా చేయాలంటే మిమ్మల్ని వెతికి పట్టుకోవాలి.

పట్టుకోడానికి మీరు దొరకాలి కదా! పాస్‌వర్డ్ మర్చిపోయి కొందరు, సొంత డొమైన్‌కి డబ్బు కట్టడం మానేసి కొందరు, అలా ఎన్ని మంచి తెలుగు బ్లాగులు గాలికి పోయాయో. వికీ పేజీకి ఆ బెడద తక్కువ, మీరు మానేసినా ఇంకొకరు దిద్దుతారు. గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో రాసేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్పుడప్పుడూ బ్యాకప్ దించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా ఇచ్చి ఉంచండి.

ఫొటోల దగ్గర కాస్త జాగ్రత్త. వికీపీడియా బొమ్మలు దాచే చోటైన వికీమీడియా కామన్స్‌లో పెట్టిన బొమ్మని మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. మీరే తీసిన స్టేషను ఫొటో, మహేంద్రతనయ నది వంతెన ఫొటో అక్కడ పెట్టండి, అమ్మమ్మ పెళ్లి ఫొటో మాత్రం బ్లాగులో ఉంచుకోండి.