వాన లేకుండా వైపర్లు తిరిగిన బండి: బీసీఎం మార్చాక ఏడాదిన్నర

చించినాడ వంతెన మీద తెల్లారగట్ల మూడున్నరకి, చుక్క వాన లేదు, వైపర్లు వాటంతట అవే తిరగడం మొదలెట్టాయి. స్విచ్ పైకీ కిందకీ కొట్టినా ఆగవు. పొడి అద్దం మీద రబ్బరు కిర్రు కిర్రుమంటుంటే పక్కనున్న కుర్రాడు "అన్నా, బండికి గాలి సోకిందేమో" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, వంతెన దిగేసరికి డోర్ లాకులు కూడా టకటకా పడుతూ లేస్తూ ఉంటే నవ్వు పోయి టెన్షన్ పట్టుకుంది. అది 2023 డిసెంబరు, మిగ్‌జాం తుపాను వెళ్ళి పది రోజులు కూడా కాలేదు. అక్కడ మొదలైన గోల బీసీఎం (బాడీ కంట్రోల్ మాడ్యూల్, బండిలో వైపర్లు, లైట్లు, లాకులు నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా) రెండుసార్లు మార్పించేదాకా పోయింది. రెండోది పెట్టి ఏడాదిన్నర అయింది, యాభై వేల కిలోమీటర్లు దాటాయి, ఇంక రాయొచ్చులే అనిపించి రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర. బండి 2020లో బీఎస్6 వచ్చాక తీసుకున్న పికప్, వెనక ఐస్ బాక్స్ కట్టించాను. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు చెరువుల దగ్గర రొయ్యలు ఎత్తుకుని భీమవరం దింపడం పని. కంపెనీ పేరు రాయను, రాస్తే మాటంతా దాని మీదకే పోతుంది.

బీసీఎం అంటే డాష్‌బోర్డు కింద, మా బండిలో అయితే డ్రైవరు ఎడమ మోకాలికి పైన, అరచేతి కంటే కాస్త పెద్దగా ఉండే నల్ల ప్లాస్టిక్ డబ్బా. పాత బండ్లలో వైపర్ స్విచ్ నొక్కితే కరెంటు ఆ స్విచ్ గుండానో, రిలే గుండానో మోటారుకి పోయేది. ఇప్పుడు స్విచ్ చేసేది కబురు పంపడమే. వైపరు, లైట్లు, ఇండికేటర్లు, హారన్, అద్దాలు, లాకులు, తాళంలో ఉన్న చిప్‌ని గుర్తుపట్టడం, అన్నీ ఈ డబ్బా చేతిలోనే. దానికి మతి పోయిందంటే ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేని జబ్బులన్నీ ఒకేసారి వస్తాయి. ఇదే గుర్తు.

నేను మాత్రం ముందు బ్యాటరీ కొన్నాను. రెండు రాత్రులు బండి ఖాళీగా ఉంటే మూడో రోజు తెల్లారగట్ల సెల్ఫ్ టక్ టక్ అనడం తప్ప తిరిగేది కాదు. అవతల చెరువు గట్టున పట్టుబడి అయిపోయి, రొయ్యలు ట్రేలలో ఐస్ మీద ఉండి, రైతు ఫోన్ మీద ఫోన్. 6,200 పెట్టి కొత్త బ్యాటరీ వేయించా, వారానికి అదీ పడుకుంది. అప్పుడు మా వైరింగ్ మేస్త్రి గారి దగ్గరికి పోతే "ఏరా అబ్బాయ్, మూడో బ్యాటరీ కూడా కొంటావేంటి?" అని తిట్టి, మల్టీమీటరు తీశారు.

ఆయన చేసిన పద్ధతి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇది చూడకుండానే డబ్బా మార్చేస్తున్నారు. బ్యాటరీ మైనస్ వైరు తీసి, మధ్యలో మీటరు పెట్టి, డోర్ తెరిచే ఉన్నా మూసినట్టు నమ్మించడానికి దాని లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి, తాళం వేసి అరగంట వదిలేశారు. ఆ టైములో బండిలోని డబ్బాలన్నీ నిద్రపోవాలి, బ్యాటరీ నుంచి కరెంటు లాగుడు 50 మిల్లీఆంపియర్ల లోపు పడిపోవాలి. మా దానిది 900 దగ్గర కూర్చుంది. అంటే పన్నెండు గంటల రాత్రికి దాదాపు 11 ఆంపియర్-అవర్లు, మాది 65 బ్యాటరీ, లెక్క మీరే వేసుకోండి. ఎక్కడ లాగుతోందో చూడటానికి ఫ్యూజులు పీకలేదు. పీకి పెడితే నిద్రపోయినవి మళ్ళీ లేస్తాయట, అందుకని ఫ్యూజు నెత్తి మీద ఉండే రెండు చిన్న లోహపు చుక్కల మీద మీటరు పుల్లలు పెట్టి మిల్లీవోల్టులు చూశారు. బీసీఎం ఫ్యూజు దగ్గర దొరికింది. అయినా వెంటనే డబ్బాదే తప్పనలేదు. తడిసిన డోర్ స్విచ్ ఒకటి "తలుపు తెరిచే ఉంది" అని చెబుతూ ఉంటే కూడా బీసీఎం మేలుకునే ఉంటుంది, అందుకని డోర్ స్విచ్‌ల కప్లర్లు (వైర్లు కలిపే ప్లాస్టిక్ జాయింట్లు) ఒక్కోటీ పీకి చూశారు. మారలేదు. స్కానర్ పెడితే యూ0140, అంటే బీసీఎంతో మాట కలవడం లేదని. క్యాన్ వైర్లు (బండిలోని డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట వైర్లు) రెండూ బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఓమ్‌లు వచ్చాయి. రెండు చివర్లా ఉండే 120 ఓమ్‌ల రెసిస్టర్లు కలిస్తే రావాల్సింది అంతే, కాబట్టి ఆ లైను బానే ఉంది. ఎర్త్ కూడా చూశారు. ఇంక మిగిలింది డబ్బానే.

డబ్బా కప్లర్ ఊడదీస్తే ఒక పిన్ను విరిగి కప్లర్‌లోనే ఉండిపోయింది. మిగతా వాటికి ఇత్తడి చెంబుకి పట్టినట్టు పచ్చగా చిలుము.

ఇక్కడే నేను తప్పు చేశాను. మేస్త్రి గారు "నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం, బండి రెండు రోజులు వదిలెయ్" అంటే, సీజను, కుదరదన్నాను. విజయవాడ ఆటోనగర్ నుంచి సెకండ్ హ్యాండ్ బీసీఎం 4,500కి తెప్పించాం, పార్ట్ నంబరు చివరి అక్షరాలతో సహా కలిసేదే. పాత దాని లోపలున్న చిన్న మెమరీ చిప్‌లోని డేటా చదివి తెచ్చిన దాంట్లోకి ఎక్కించడానికి ఇంకో 2,500. ఇలా చేస్తే లాభమేంటంటే తాళాలు మళ్ళీ నేర్పించక్కర్లేదు, బండి తన పాత డబ్బానే అనుకుంటుంది. 2024 జనవరి ఆఖర్న పెట్టాం. ఎండాకాలమంతా బ్రహ్మాండంగా నడిచింది, దొరికినవాళ్ళందరికీ "సెకండ్ హ్యాండే వేసుకోండి, కొత్తది దండగ" అని చెప్పాను కూడా. జూలై వానలకి ఎడమ ఇండికేటర్ వేస్తే లోపలి లైటు వెలగడం మొదలైంది. నెలాఖరుకి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు, మీటర్లో తాళం బొమ్మ మిణుకు మిణుకుమంటుంది. చిప్‌ని గుర్తుపట్టేదీ ఆ డబ్బానే కదా. లోడుతో సహా మలికిపురంలో ఆగిపోయాను, ఆ ట్రేలు వేరే బండికి మార్చి పంపించాను. ఆ రోజు కిరాయి, ఐసు, మాట, మూడూ పోయాయి.

ఈసారి బండి వదిలేశాను. మేస్త్రి గారు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చి పట్టుకున్నారు, నేను బయట ముందు అద్దం కింద మూల మీద చెంబుతో నీళ్ళు పోశాను. పది చెంబులకి ఏమీ లేదు. పదిహేనో, పదహారో చెంబుకి "ఆగాగు" అని అరిచారు. వంగి చూస్తే గోధుమరంగు వైరు వెంబడి ఒక్క చుక్క, చీమ నడిచినంత మెల్లిగా దిగి వచ్చి కప్లర్ మూతి దగ్గర ఆగి, లోపలికి దూరింది. దాని వెనకే ఇంకోటి. అద్దం కింద వాన నీళ్ళు బయటికి పోయే కన్నం కొబ్బరి పీచుతో మూసుకుపోయి ఉంది (మధ్యలో ఆరు నెలలు అంబాజీపేట కొబ్బరి లోడులు వేశాను, అప్పటిది), అక్కడ నిలిచిన నీళ్ళు వైర్లు లోపలికి వచ్చే చోట ఉండే రబ్బరు గ్రోమెట్ చీలికలోంచి దిగుతున్నాయి. రెండు డబ్బాలు, ఒక బ్యాటరీ, ఎనిమిది నెలల నరకం, కారణం చారెడు పీచు!

కన్నం శుభ్రం చేసి, రబ్బరు గ్రోమెట్ మార్చి, సీలెంట్ పెట్టి, వైర్ల కట్టని కప్లర్ కంటే కిందకి ఊయలలా వేలాడదీసి మళ్ళీ పైకి తిప్పి కట్టారు. ఒకవేళ నీళ్ళు దిగినా ఆ వంపు దగ్గర కింద కారిపోతాయి, కప్లర్ దాకా ఎక్కవు. ఖర్చు నాలుగు వందలు కూడా కాలేదు. చిలుము పట్టిన పిన్నులు, విరిగి ఇరుక్కున్నదీ తీసేసి కొత్తవి కొట్టారు. పాత వాటిని పెట్రోలుతో కడిగి అదే కప్లర్ కొత్త డబ్బాకి తగిలిస్తే మాత్రం డబ్బులు గోదాట్లో పోసినట్టే.

కొత్త బీసీఎం 14,800, కోడింగుకి 3,500. కొత్తది ఖాళీ బుర్రతో వస్తుంది, దానికి 17 అక్షరాల ఛాసిస్ నంబరు, మన బండిలో ఏమేం ఉన్నాయో ఆ వివరం ఎక్కించాలి. రెండు తాళాలూ తీసుకెళ్ళండి. నేను ఒకటే తీసుకెళ్ళి, రెండోదాని కోసం మళ్ళీ ఒక పూట పోగొట్టుకున్నాను. ఇంకోటి, కోడింగ్ జరుగుతున్నంతసేపూ బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. మధ్యలో వోల్టేజి పడిపోతే కొత్త డబ్బా అక్కడే పాడవ్వచ్చు. మొదటిసారి నా బండికి వేరే మోడల్ వివరం ఎక్కించేశారు, సెంట్రల్ లాక్ పనిచేయలేదు, సరిచేసేసరికి సాయంత్రం అయింది. పనివాళ్ళు మంచివాళ్ళే, తొందరపడ్డారు అంతే. డెలివరీ తీసుకునే ముందు ప్రతి స్విచ్ నొక్కి చూడటానికి సిగ్గుపడకండి.

ఏడాదిన్నర వాడకంలో వైపర్లు, లాకులు, హెడ్‌లైట్లు ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. నచ్చనివి రెండున్నాయి. బండి వేగం పెరగగానే డోర్లు వాటంతట అవే లాక్ అయిపోతాయి, పాత దాంట్లో ఇది లేదు. గట్ల మీద పది గజాలకోసారి ఎక్కి దిగే కుర్రాళ్ళు నన్ను తిడుతున్నారు. తీయించవచ్చట, మళ్ళీ కోడింగ్ డబ్బులు. ఎడమ అద్దం ఒక్కోసారి రెండో నొక్కుకి గానీ దిగదు, అది డబ్బా తప్పో స్విచ్ తప్పో తేల్చుకోలేదు.

మధ్యలో ఒకసారి గుండె ఆగినంత పనైంది. కుడి ఇండికేటర్ దడదడా కొట్టుకోవడం మొదలైంది, మళ్ళీ వచ్చిందిరా బాబూ అనుకున్నా. తీరా చూస్తే మా కుర్రాడు వెనక చవక ఎల్‌ఈడీ బల్బు వేశాడు. అది లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి, బల్బు మాడిపోయిందనుకుని బీసీఎం వేగంగా కొట్టిస్తోంది. మామూలు బల్బు పెడితే సర్దుకుంది. మన వైపు బండ్లకి తీర్థంలో ప్రభలా చుట్టూ రంగు లైట్లు కట్టడం అలవాటు కదా, కట్టుకోండి, కానీ పార్కింగ్ లైటు వైరు గిచ్చి కట్టొద్దు. ఈ డబ్బాలో చాలా లైన్లకి కరెంటు వదిలేవి ట్రాన్సిస్టర్లే, వాటికి అదనపు బరువు నచ్చదు. బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజు, రిలే పెట్టి లాగించుకోండి. నేను ఐస్ బాక్స్ లోపలి లైటు అలాగే మార్పించాను.

అసలు పరీక్ష 2025 అక్టోబరు 28న. మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి బండి మా వాకిట్లో, పైన రేకు కూడా లేదు. తెల్లారి కొబ్బరాకులు తీసి, బండి స్టార్ట్ చేయకుండానే ముందు కాలి కింద కార్పెట్ ఎత్తి, వైర్ల వంపు కింద టిష్యూ పేపరు పెట్టి పది నిమిషాలు చూశాను. పొడిగానే ఉంది. ఇంకో రెండు రోజులు చెరువుల వైపు దారులు లేక బండి కదల్లేదు, మూడో రోజు మీటరు పెడితే బ్యాటరీ 12.5 వోల్టులు. ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. పాత డబ్బాలు రెండూ మేస్త్రి గారి షెడ్డులో తలుపు కదలకుండా అడ్డం పెట్టుకున్నారు.