చాంబర్ కోయించకముందే బ్యారెల్ లోపల చూడండి, నాలా మోసపోకండి

టార్గెట్ షూటింగ్ కోసం రైఫిల్‌కి 308 (ఒక తూటా సైజు) బ్యారెల్ మార్పించుకోబోతున్న వాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నాకు డబ్బుతో పాటు ఒక సీజన్ మొత్తం పోయింది.

నేను కొన్నది బటన్ రైఫ్లింగ్ బ్యారెల్, అంటే గుండుని తిప్పే మెలికల గాడులు (రైఫ్లింగ్) బటన్ అనే పనిముట్టుతో ఒత్తినది. "స్ట్రెస్ రిలీవ్ చేశాం, చేత్తో ల్యాపింగ్ చేశాం" అని, అంటే ఉక్కులో ఒత్తిడి వదిలించి లోపల నునుపు చేశామని, అమ్మినతను గట్టిగా చెప్పాడు. నమ్మి చాంబర్ (తూటా కూర్చునే గది) కోయించి బిగించుకున్నాను. మొదటి ఐదు షాట్లు ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. బ్యారెల్ వేడెక్కేసరికి గుండ్లు కొంచెం కొంచెంగా పైకి, కుడికి జరగడం మొదలైంది. చల్లారనిస్తే మళ్లీ మొదటి చోటికే వచ్చేవి. తూటాలు మార్చాను, స్కోప్ మౌంట్ విప్పి బిగించాను. అయినా అదే తీరు.

చివరికి రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసేసి, మెత్తటి సీసపు గుండుకి నూనె రాసి చాంబర్ వైపు నుంచి రాడ్‌తో నెట్టాను. మొదట బిగువుగా, ఒకే తీరుగా కదిలింది. ముప్పావు వంతు దాటాక చేతికి పట్టే తెలియలేదు, జర్రున జారిపోయింది. గుండు బయటపడే మూతి దగ్గర కాస్త బిగువుంటే మంచిదే గానీ, వదులుంటే ఆ బ్యారెల్ పోటీకి పనికిరాదు.

ఎందుకిలా అవుతుందో తెలుసుకోండి. బటన్ పద్ధతిలో ఉక్కుని కోయరు. కార్బైడ్ బటన్‌ని బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం) లోంచి బలంగా లాగితే గాడులు ఒత్తుకుని ఏర్పడతాయి. ఆ ఒత్తిడి ఉక్కులోనే ఉండిపోతుంది. కొలిమిలో వేడిచేసి నెమ్మదిగా చల్లార్చి దాన్ని వదిలించాలి. ఆ పని ఎగ్గొట్టి లేత్ మీద పైభాగం చెక్కితే, సన్నబడిన చోట బోరు విచ్చుకుంటుంది. సన్నబడేది మూతి వైపే కదా! లోపల మిగిలిన ఒత్తిడి వేడి తగలగానే బ్యారెల్‌ని వంచుతుంది. కట్ రైఫ్లింగ్‌లో కొక్కెం లాంటి పనిముట్టు ఒక్కో లాగుకి అతి పల్చటి పొర మాత్రమే తీస్తుంది కాబట్టి ఈ బెడద తక్కువ, కానీ పని చాలా నిదానం. బటన్ బ్యారెళ్లు చెడ్డవని నేననడం లేదు, పోటీల్లో గెలిచినవి బోలెడున్నాయి.

ల్యాపింగ్ మాటా అబద్ధమే. బోరు లోపల చూసే బోర్‌స్కోప్ పెట్టి చూస్తే, గాడుల మధ్య గట్ల మీద అడ్డంగా రీమర్ (రంధ్రం సాపు చేసే పనిముట్టు) గీతలు, ఉంగరాలు పేర్చినట్టు. నిజంగా సీసం పోతపోసి రాపిడి పొడితో రుద్ది ఉంటే ఆ అడ్డ గీతలు చెరిగిపోయి, గాడుల వెంబడి పొడుగ్గా సన్నటి గీతలు కనిపించేవి. గరుకు బోరు కాబట్టి గుండ్ల పైతొడుగు రాగి కూడా పట్టేస్తోంది. ఇరవై షాట్లకే, రాగి కరిగించే ద్రవంతో శుభ్రం చేసిన ప్యాచ్‌లు (గుడ్డ ముక్కలు) ముదురు నీలంగా వస్తున్నాయి.

వాపసు అడిగితే "చాంబర్ కోశాక తీసుకోం" అన్నాడు. బ్రేక్-ఇన్ (కొత్త బ్యారెల్‌ని కొన్ని షాట్లకోసారి శుభ్రం చేస్తూ అలవాటు చేయడం) సరిగ్గా చేయలేదని తప్పు నా మీదికే నెట్టాడు.

కాబట్టి బ్యారెల్ చేతికి రాగానే, ఇంకా ఏమీ కోయించకముందే, సీసపు గుండు పరీక్ష చేయండి. గాడుల వ్యాసం 7.82 మిల్లీమీటర్లు, గుండు అంతకంటే కొంచెం లావుండాలి. బోర్‌స్కోప్‌తో రెండు వైపుల నుంచీ చూడండి. పిడి తిరిగే రాడ్‌కి బిగువైన ప్యాచ్ చుట్టి, ఒక పూర్తి చుట్టుకి ఎన్ని అంగుళాలు కదిలిందో కొలిస్తే ట్విస్ట్ (గాడులు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయో) తెలుస్తుంది. నాది 10 అంగుళాలన్నారు, ఆ ఒక్కటీ నిజమే. ఇవి చేయనివ్వని వాడి దగ్గర కొనకండి.

మూతి వైపు వదులుగా ఉన్నంత మేరా కోసేసి కొత్త క్రౌన్ (మూతి అంచు) పెడదామని మా గన్‌స్మిత్ అంటున్నాడు. గ్రూప్ (షాట్లు దగ్గరగా పడే తీరు) కొంత బాగుపడొచ్చు. వేడికి వంగే గుణం మాత్రం దానితో పోదు.