హైదరాబాద్–విజయవాడ ‘250 కి.మీ.’ క్యాబ్ ప్యాకేజీ: అడ్వాన్స్ కట్టేముందు ఇది చూసుకోండి

దూరాలు చూపించే సైట్లలో హైదరాబాద్, విజయవాడ అని కొడితే ముందుగా కనిపించే అంకె 250 కి.మీ. అది మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే వచ్చే దూరం. ఆ గీత మీద కారు నడవదు. కొందరు క్యాబ్ వాళ్లు సరిగ్గా ఆ అంకెనే పట్టుకుని ‘రానుపోను 500 కి.మీ. ప్యాకేజీ, ఇంతే రేటు’ అని అమ్ముతున్నారు.

లెక్క చూడండి. ఎల్బీ నగర్ నుంచి బెంజి సర్కిల్‌కి 65వ నంబరు హైవే మీద 265 కి.మీ.కి అటూఇటూ. మియాపూర్‌లో ఎక్కితే ఎల్బీ నగర్ చేరేలోపే ఇంకో 30. రానుపోను 590 తేలింది. అదనపు కిలోమీటరు 14 రూపాయలనుకుంటే 1,260 రూపాయలు దిగేటప్పుడు అడుగుతారు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే ట్రాఫిక్ తప్పుతుంది గానీ కిలోమీటర్లు పెరుగుతాయి, దాని టోల్ వేరు.

మీటరు ఎక్కడ మొదలవుతుందో అడగండి. ‘గ్యారేజీ టు గ్యారేజీ’ అంటే బండి మీ ఇంటికి రావడానికి, దించాక తిరిగి వెళ్లడానికి అయిన కిలోమీటర్లు కూడా మీవే. ఎక్కగానే, దిగగానే రీడింగ్ ఫొటో తీసుకోండి. రోజంటే 24 గంటలా, క్యాలెండర్ తేదీయా? తేదీ లెక్కయితే, రాత్రి పదింటికి బయల్దేరినా పన్నెండు దాకా ఉన్న ఆ రెండు గంటలకే ఒక రోజు మినిమమ్ ఛార్జీ, ఒక బేటా (డ్రైవరు రోజు భత్యం) వేసేవాళ్లున్నారు. పర్మిట్, పార్కింగ్ ఖర్చులు ఎవరివో వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు. 24 గంటల్లోపు తిరిగొస్తే ఫాస్టాగ్‌లో రెండోసారి సగమే కట్ అవుతుంది. బిల్లులో రెండువైపులా పూర్తి టోల్ వేస్తే ఫాస్టాగ్ మెసేజ్ చూపించమనండి.

ఇక విమానం. అవే సైట్లు ‘ఫ్లైట్ టైమ్ 0.3 గంటలు’ అంటాయి. అది 30 నిమిషాలు కాదు, 18 నిమిషాలు! గంటకు 800 కి.మీ. చొప్పున భాగించిన లెక్క. ఈ రూటులో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ (ఫ్యాన్ రెక్కలున్న చిన్న విమానం) స్పీడు 500 దరిదాపుల్లోనే, పైగా ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం కలిపి టికెట్ మీద గంట ఉంటుంది. మియాపూర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి గంట, రెండు గంటల ముందు రిపోర్టింగ్, లగేజీ బెల్టు దగ్గర అరగంట, గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) నుంచి ఊళ్లోకి 20 కి.మీ. అంటే ఇంకో 40 నిమిషాలు. మొత్తం ఐదు గంటలు దాటింది, రోడ్డు మీదా దాదాపు అంతే. బ్యాగు ఇచ్చేది ఉంటే 60 నిమిషాల ముందే కౌంటర్ మూసేస్తారు, బతిమాలినా తెరవరు.

డిసెంబరు, జనవరిల్లో గన్నవరానికి పొద్దున్నే మొదటి ఫ్లైట్ కొనకండి, పొగమంచుకి ఆలస్యమవుతుంది. సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి దగ్గర క్యూ ఎంతుందో చూడకుండా కారూ ఎక్కకండి.