కక్ష్య నుంచి కరెంటు: నాసా లెక్కలపై ఒక పరిశీలన

భూస్థిర కక్ష్యలో (ఉపగ్రహం భూమితోపాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించే కక్ష్య) సౌరవిద్యుత్తును ఉత్పత్తి చేసి, మైక్రోవేవ్ తరంగాల ద్వారా నేలకు పంపితే యూనిట్ ఖర్చు ఎంతవుతుందన్న ప్రశ్నకు నాసా 2024 జనవరిలో ఉచితంగా విడుదల చేసిన నివేదిక, ఈ రంగంలో పెట్టుబడి గురించి ఆలోచించేవారు తప్పక చదవాల్సినది. 2 గిగావాట్లు అందించే రెండు డిజైన్లను తీసుకుని, తయారీ నుంచి తుది పారవేత వరకు లెక్కగట్టి, యూనిట్‌కు 61 సెంట్లు, 159 సెంట్లు అని తేల్చారు. నేలమీది ప్రత్యామ్నాయాలతో పోలిస్తే ఇది 12 నుంచి 80 రెట్లు ఎక్కువ.

నాకు బాగా నచ్చింది పారదర్శకత. ఖర్చులో 70 శాతానికి పైగా రాకెట్ ప్రయోగాలదేనని చూపి, ప్రయోగ ధర తగ్గి, సామగ్రిని దిగువ కక్ష్య నుంచి పై కక్ష్యకు చేర్చడానికి విద్యుత్ చోదనం (కరెంటుతో నడిచే ఇంజిన్లు) వాడి, పరికరాల ఆయుష్షు 10 ఏళ్ల నుంచి 15కు పెరిగి, తయారీ కూడా చౌకైతే అదే ఖర్చు 3 నుంచి 8 సెంట్లకు దిగివస్తుందని కూడా చెప్పారు. అయితే ఇవన్నీ ఒకేసారి కలిసిరావాలి.

లోటు కూడా ఉంది. మొత్తం సామగ్రి భూమి నుంచే వెళ్తుందన్న ఊహ మీద ఈ లెక్కలు నిలిచాయి. చంద్రుడి మట్టితో, మనుషులు నివసించే అంతరిక్ష ఆవాసాల్లోనే ఈ కేంద్రాలను నిర్మించి, కరెంటు అమ్మకంతో ఆవాసాల ఖర్చు రాబట్టాలని 1975లోనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ ప్రతిపాదించారు. ఆ మార్గాన్నీ ఇంతే శ్రద్ధగా తూచి ఉంటే బాగుండేది. నిర్మాణకాలంలో వడ్డీని ఎవరు మోయాలన్నది తేలనిదే ఏ బ్యాంకూ ముందుకు రాదు, అందుకు వేరే అధ్యయనం కావాలి.