స్లయిడ్‌ఔట్ ఉన్న ఆర్‌వీతో ప్రయాణం: ఎక్కడ ఆగాలి, ఎవరితో బాగుచేయించాలి

ఆర్‌వీ అంటే ఇల్లులా వాడుకునే బండి; స్లయిడ్‌ఔట్ అంటే బండి ఆగాక దాని పక్క గోడలోంచి బయటికి జరిగే గది. ఇలాంటి బండికి మజిలీ ఎంచుకునేటప్పుడు సైట్ (బండి నిలిపే స్థలం) వెడల్పు ముందు చూడండి, మిగతా హంగులు తర్వాత. మోడల్‌ని బట్టి గది రెండు మూడు అడుగులు బయటికి వస్తుంది. బుకింగ్ పేజీలో సైట్ పొడవు రాస్తారు, వెడల్పు చాలాచోట్ల రాయరు. ఫోన్ చేసి అడగాల్సిందే. కరెంటు పెట్టె, నీటి కుళాయి గదికి అడ్డం రాకుండా బండి నిలపాలి. స్విచ్ దగ్గర ఒకరుంటే, బయట నిలబడి చూసేవారు ఇంకొకరు ఉండాలి. లోపల సొరుగులు, అల్మరా తలుపులు మూశారో లేదో కూడా చూసుకోవాలి.

కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న సైట్‌కే మా మొదటి ఓటు. ఏసీ కోసం కాదు, వోల్టేజి కోసం. స్లయిడ్ మోటార్లు నడిచేది 12 వోల్టుల మీద. గది సగంలో ఆగిపోతే చాలామంది మోటారు కాలిందనుకుంటారు, కానీ ముందు అనుమానించాల్సింది బ్యాటరీని. నిండా చార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ లోడ్ లేనప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.0 దగ్గర ఉంటే అందులో సరుకు అయిపోవచ్చినట్టే. కనెక్షన్ లేని చోట ఆగితే ముందు జనరేటర్ గానీ ఇంజిన్ గానీ ఆన్ చేసి, ఆ తర్వాతే స్విచ్ ముట్టుకోండి. బ్యాటరీ బాగానే ఉన్నా గది ఈడుస్తుంటే, స్విచ్ నొక్కి ఉంచి మోటారు టెర్మినళ్ల దగ్గర మీటర్ పెట్టి చూడాలి. బ్యాటరీ దగ్గరి కంటే అక్కడ రెండు వోల్టులు తక్కువుంటే లోపం మధ్య దారిలో ఉంది: తుప్పుపట్టిన ఎర్త్ వైరో, వదులైన బిగింపో. మోటార్‌హోముల్లో పార్కింగ్ బ్రేకు వేయకపోతే స్లయిడ్ కదలకుండా లాక్ ఉండే మోడళ్లూ ఉన్నాయి. ఇంత చిన్న విషయానికి మెకానిక్కును పిలిపించుకోవద్దు.

చెట్ల కింద సైట్లు చల్లగా ఉంటాయి గానీ స్లయిడ్‌కు అంత మంచివి కావు. దాని పైకప్పు మీద పడిన ఆకులు, పుల్లలు గది లోపలికి వచ్చేటప్పుడు అంచున ఉండే రబ్బరు సీల్ కింద ఇరుక్కుంటాయి. సీల్ మడతపడితే నీళ్లు దిగుతాయి, నేల చెక్క అంచు మెత్తబడి కుళ్లుతుంది. నిచ్చెన వేసుకుని, గది మూసే ముందు ప్రతిసారీ ఊడ్వాలి. పైన టాపర్ (స్లయిడ్ పైకప్పును కప్పి ఉంచే గుడ్డ) ఉంటే పని తగ్గుతుంది. కానీ గాలి బాగా వీచే మైదానాల్లో అదే గుడ్డ ఉబ్బి చిరుగుతుంది, అలాంటి రాత్రి గది మూసి పడుకోవడమే మేలు. అందుకే బండి అద్దెకు తీసుకునే ముందే గదులన్నీ మూయించి, మంచం, బాత్‌రూం వాడుకోగలరో లేదో చూడండి.

గోడలోనే పట్టాలుండే ష్వింటెక్ రకానికి ఇరువైపులా ఒక్కో మోటారు. గది ఆగినా స్విచ్ వదలకుండా, మోటార్లు తమంతట తాము ఆగేదాకా నొక్కి ఉంచాలి. మధ్యలో ఆపి ఆపి నడిపితే రెండు వైపుల లెక్కా తప్పి గది వంకరపోతుంది. అప్పుడు పూర్తిగా బయటికి తెచ్చి నొక్కి ఉంచి, అంగుళమో రెండంగుళాలో లోపలికి లాగి, మళ్లీ బయటికి నెట్టాలి. రెండు మోటార్లూ ఒకేసారి ఆగేవరకూ ఇలాగే. కంట్రోలర్ మీద ఎర్ర దీపం ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెడితే అదే లోపం కోడ్. గది అసలు కదలకపోతే మోడ్ బటన్ ఆరుసార్లు గబగబా నొక్కి, ఏడోసారి ఐదు సెకన్లు పట్టి ఉంచండి. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు రెండూ మెరిస్తే ఓవర్‌రైడ్ (గదిని అత్యవసరంగా నడిపే పద్ధతి) వచ్చినట్టు. ఈ పద్ధతిలో రెండు వైపులనూ సమం చేసే నియంత్రణ ఉండదు, కాబట్టి గది వంగుతోందనిపించగానే ఆపాలి.

ద్రవపు ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ రకంలో గదులన్నీ నత్తనడక నడిస్తే ద్రవం తగ్గిందేమో చూడాలి. గదులన్నీ లోపల ఉన్నప్పుడే మట్టం చూడాలి. ఏ ద్రవం పోయాలో మాన్యువల్‌లో ఉంటుంది. రబ్బరు సీళ్లకు సబ్బునీళ్లు, ఆ తర్వాత సీల్ కండిషనర్ చాలు. పెట్రోలియం నూనెలు రబ్బరును పాడుచేస్తాయి. పట్టాలకు గ్రీజు పూస్తే దుమ్ము పట్టి గరుకుగా మారుతుంది, డ్రై లూబ్రికెంట్ స్ప్రేనే వాడండి.

సర్వీసు విషయానికొస్తే, వైరింగ్, ఫ్యూజు, మోటారు మార్పిడి, సీళ్లు సైట్‌కే వచ్చే మొబైల్ టెక్నీషియన్ చేయగలిగిన పనులు. బండి కదిలించక్కర్లేదు, పని మన కళ్లముందే జరుగుతుంది. కుళ్లిన నేల, వంగిన పట్టా అయితే షెడ్డున్న వర్క్‌షాపే దిక్కు. ఫోన్‌లోనే మెకానిజం రకం, మోటారు మీది పార్ట్ నంబరు, కోడ్, వోల్టేజి చెప్పండి; పార్టు వెంట తెస్తారో లేదో అడగండి. ఇవి అడగకుండానే వచ్చి చూస్తామనేవారికి రెండుసార్లు విజిట్ చార్జీ కట్టాల్సి రావచ్చు.

వర్క్‌షాపు దాకా వెళ్లడానికి గదిని చేత్తో లోపలికి నెట్టాల్సి వస్తే, విడదీసిన మోటారునో బ్రేకు లీవరునో మళ్లీ బిగించాకే బండి కదిలించండి. లేకపోతే మలుపులో గది బయటికి జారుతుంది.